రాయి రుచి తెలిసిన మస్తాన్‌బీ

శిల్పం పని అనగానే అందరికీ ఉలి గుర్తొస్తుంది. ఉలి పని అయిపోయాక ఆ విగ్రహాన్ని నీళ్లు పోస్తూ, సానరాయి పెట్టి వారాల తరబడి రుద్దేవాళ్లు ఉంటారని ఎవరికీ తట్టదు. ఆళ్లగడ్డ షెడ్లలో ఆ పని ఆడవాళ్లది. చేతులు పుండ్లు పడేలా రుద్దితే గానీ దేవుడి బుగ్గలకు ఆ నిగనిగ రాదు. నిగనిగ వచ్చాక ఆయన గుడికి పోతాడు, వీళ్లు ఇంకో దేవుడి ముందు కూర్చుంటారు. శాంతయ్య ఆచారి షెడ్డులో మస్తాన్‌బీ అలా పద్నాలుగేళ్లు కూర్చుంది.

ఆమె మొగుడు ఇమాం సాహెబ్ క్వారీలో రాళ్లు కొట్టేవాడు. ముప్పై ఎనిమిదేళ్లకే రొమ్ములో దుమ్ము నిండి, దగ్గి దగ్గి పోయాడు. క్వారీవాళ్లు ఒక బస్తా బియ్యం పంపి చేతులు దులుపుకున్నారు. అది తొంభై రెండు. నలభై రోజులు గడవగానే మస్తాన్‌బీ శాంతయ్య దగ్గర రుద్దుడు పనికి చేరింది.

ఇమాం సాహెబ్ ఆస్తి ఏమీ మిగల్చలేదు. ఒక్క విద్య మాత్రం నేర్పిపోయాడు. బండ మీద ఉలి పెట్టే ముందు ఆయన చిన్న రాతి చెక్క కొట్టి, అప్పుడే విరిగిన వైపు నాలుకకు ఆనించేవాడు. రాయి లోపల కంటికి కనపడని బొక్కలుంటే అది నాలుకను పట్టుకుంటుంది. బొక్కలు లేకపోతే జారిపోతుంది. "పట్టుకుంటే వదిలెయ్, జారితే కొట్టు. అంతేమే," అనేవాడు. అంతే కాదని మస్తాన్‌బీకి తర్వాత తెలిసింది. ఎందుకంటే ఆయన నాలుక పెట్టిన రాళ్లు క్వారీ నుంచి లారీ ఎక్కి పోయేవి, వాటి బతుకు ఏమైందో ఆయనకు తెలిసేది కాదు. ఈమె మాత్రం ఒక్కో రాయితో వారాలు కాపురం చేసేది. ఏది నీళ్లు తాగుతుందో, ఏది తాగినట్టు నటిస్తుందో, ఏది పైకి ముచ్చటగా ఉండి లోపల ఆబగా ఉంటుందో ఆమె చేతికీ నాలుకకూ కలిపి తెలిసొచ్చింది.

తొంభై అయిదులో శాంతయ్య ఒక నంది కోసం బండ కొన్నాడు. సుత్తితో కొడితే గంటలా మోగింది. చూసినవాళ్లంతా భేష్ అన్నారు. కింద రాలిన చెక్క ఒకటి మస్తాన్‌బీ ఎవరూ చూడకుండా నోట్లో వేసుకుని చూసి, ఊరికే ఉండలేక లేచింది.

"అప్పా, ఆ రాయి వద్దు."

"ఏందీ?"

"అది తాగుతాది."

"నీళ్లు పోసి చూసినామే. ఒక్క బొట్టన్నా పీల్చిందా?"

"నీళ్లు తాగదప్పా. నూనె తాగుతాది."

షెడ్డులో ఉన్న పదిమందీ పకపకా నవ్వారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకే అన్నారొకరు. నంది తయారై గుడికి పోయింది. రోజూ దీపం నూనె, అభిషేకం నెయ్యి. పదకొండో నెలలో దాని మూపురం మీద తడి మరక తేలి, ఎండాకాలంలో అక్కడే చిట్లింది. శాంతయ్య తన డబ్బుతో ఇంకో నంది చేసిచ్చాడు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే, పనివాళ్లు రాకముందు, మస్తాన్‌బీని పిలిచి ఎలా తెలిసిందని అడిగాడు. ఆమె చెక్క తీసి నాలుకకు ఆనించి చూపించింది.

శాంతయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎంగిలి జేస్తాండావా రాయిని? దేవుడయ్యే రాయిని?"

ఆయన కోపం నిజమైనదే. నంది నష్టం అంతకంటే నిజమైనది. రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, మూడోరోజు ఒక ఏర్పాటు చెప్పాడు. బండకు నాలుక తగలకూడదు. బండ నుంచి తీసిన చెక్కను మాత్రమే చూడాలి. అదీ షెడ్డు వెనక, అందరూ రాకముందు. చూసిన చెక్క ఎంగిలిది కాబట్టి మళ్లీ షెడ్డులోకి రాకూడదు, వెనక గుంతలో వేసెయ్యాలి. ఉలి పడిన విగ్రహం జోలికి నాలుక చచ్చినా పోకూడదు. ఈ మాట మూడో మనిషికి తెలియకూడదు. "సాయిబులామె నాకిన రాయంటే నా విగ్రహం ఎవడు కొంటాడు మస్తాన్‌బీ?" అన్నాడు. మస్తాన్‌బీ సరేనంది. కూలి పది రూపాయలు పెరిగింది. దేవుడి ఒళ్లంతా ఆమె చేతులతో రుద్దితే లేని మైల నాలుకకు ఎక్కణ్నుంచి వచ్చిందని ఆయన్ని అడగలేదు. అడగాల్సింది.

అప్పటి నుంచి శాంతయ్య షెడ్డు రాయికి పేరొచ్చింది. ఏడెనిమిదేళ్లలో ఒక్క విగ్రహం కూడా తిరిగి రాలేదు. కళ్లతోనే మంచిదని తెలిసిపోయే రాయి, కళ్లతోనే చెడ్డదని తెలిసిపోయే రాయి మస్తాన్‌బీ దాకా వచ్చేవి కావు. అనుమానం ఉన్నవే వచ్చేవి. వాటితోనే ఆమెకు పని. రాళ్ల ఆకలి ఆరు రకాలని తేల్చుకుంది, వాటికి తనే పేర్లు పెట్టుకుంది. అందులో అన్నిటికంటే చెడ్డదాన్ని దొంగదాహం అనేది. నంది రాయి అదే. నీళ్లు పోస్తే పతివ్రతలా వద్దంటుంది, నూనె పోస్తే మూడోకంటికి తెలియకుండా తాగుతుంది. నాలుక మీద పెట్టిన వెంటనే అదీ జారుతుంది. కాసేపు ఓపిక పట్టి ఉంచితే, అప్పుడు మెల్లగా పట్టుకుంటుంది.

తను చూసిన రాయి చిట్లదు. మస్తాన్‌బీకి ఈ లోకంలో సొంతమైంది ఆ ఒక్క మాటే. ఆ మాట శాంతయ్యకు తప్ప ఇంకెవరికీ తెలియదన్న బాధ ఆమెను లోలోపల తొలుస్తూనే ఉండేది. కొనేవాళ్లు వచ్చి "ఆచారిగారి కన్ను కన్నే" అని పొగుడుతుంటే, ఆమె తల వంచుకుని వినాయకుడి బొజ్జ ఇంకా గట్టిగా రుద్దేది.

రెండువేల మూడులో నంద్యాల నుంచి రమాదేవి వచ్చింది. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తున్న మనిషి. రాళ్లలో ఉండే సన్నటి రంధ్రాలు ఎన్ని రకాలో ఇంతవరకూ ఎవరూ సరిగ్గా తేల్చలేదని, కంప్యూటరుతో తేల్చాలని ఆమె పట్టుదల. రాయిని కాగితం కంటే పల్చగా అరగదీసి, గాజు పలక మీద అతికించి, మైక్రోస్కోపు కింద ఫోటో తీస్తుంది. ఆ ఫోటోలు కంప్యూటరుకు చూపించి, ఇది మంచిది, ఇది చెడ్డది అని ఒక్కోదానికీ చెబుతుంది. పిల్లలకు కాకిని చూపించి కాకి అని నేర్పినట్టే. కొన్ని వందలు చూశాక అది తనంతట తనే రకాలు విడదీస్తుంది, కొత్త రాయి చూపిస్తే పేరు చెప్పేస్తుంది.

"మంచివే కాదండీ, చెడ్డవీ కావాలి. ముఖ్యంగా మీకే అనుమానం వచ్చినవి కావాలి. ఎన్ని రకాలుంటే అన్ని ఇవ్వండి," అంది రమాదేవి.

శాంతయ్య తల ఊపాడు. అనుమానం వచ్చినవన్నీ షెడ్డు వెనక గుంతలో ఉన్నాయి. ఎనిమిదేళ్ల చెక్కలు. ప్రతి ఒక్కటీ మస్తాన్‌బీ నాలుక మీద నుంచి వచ్చిందే. చదువుకున్నావిడ చేతికి, బడిలాంటి చోటికి ఎంగిలి రాళ్లు పంపడమా? ఆయనకు మనసొప్పలేదు. శుభ్రమైన చెక్కలే ఏరి ఇచ్చాడు. అంటే కళ్లతోనే మంచివని తెలిసేవి, కళ్లతోనే చెడ్డవని తెలిసేవి. మోసం చేస్తున్నానని ఆయన అనుకోలేదు, మర్యాద చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ చెక్కల సంచి మోసుకుని గురువారం గురువారం బస్సెక్కి నంద్యాల పోయేది మస్తాన్‌బీయే. రెండేళ్లలో ఆరువందల చెక్కలు మోసింది. రమాదేవి మనిషి మంచిది, కుర్చీ వేసి టీ తెప్పించేది. ఒకరోజు కంప్యూటరు తెర మీద రాయి ఫోటో చూపించింది. రంధ్రాలున్న చోటల్లా నీలిరంగు వేసి ఉంది. మస్తాన్‌బీ ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి పోయి చూసింది. ఇన్నేళ్లూ నాలుకతో తడుముకున్న రాళ్ల నోళ్లు అలా కళ్లముందు కనపడేసరికి ఆమె వేలు పెట్టి ఒక్కోదాన్నీ తాకి చూసింది.

"నేను ఎంతో వైవిధ్యం ఉంటుందనుకున్నాను మస్తాన్‌బీ. తీరా చూస్తే మూడు రకాలే తేలాయి," అంది రమాదేవి కాస్త నిరాశగా.

ఆరు అనే మాట మస్తాన్‌బీ గొంతు దాకా వచ్చింది.

"ఏమన్నా అంటున్నావా?"

"ఏం లే మేడమ్. టీ బాగుంది."

శాంతయ్యకు ఇచ్చిన మాట ఒకటి అడ్డం. కానీ దాని మీదే అంతా తోసేస్తే అబద్ధమవుతుంది. ఆమె మనసులో ఇంకో లెక్క కూడా నడిచింది. దొంగదాహం సంగతి ఈ కంప్యూటరు పెట్టెకు తెలియకపోతే, ఎప్పుడో ఒకనాడు పెట్టెకు అంతుపట్టని రాయి వస్తుంది. అప్పుడు మస్తాన్‌బీని పిలవండి అంటారు. అందరి ముందూ అంటారు. ఆ మాట వినాలని ఆమెకు ఉండింది. తిరుగు బస్సులో ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని ఆ మాటే వింటూ ఆళ్లగడ్డ చేరింది. పాపం, ఆ పెట్టె స్వభావం ఆమెకు తెలియదు. తనకు నేర్పని రాయి ఎదురైతే, తెలియదు అని ఒప్పుకునే మర్యాద దానికి లేదు. తెలిసిన మూడింట్లో ఏది కాస్త దగ్గరగా ఉంటే ఆ పేరు పెట్టేసి కూర్చుంటుంది. మనుషుల్లో పెద్దలు కూడా చాలామంది అంతే గనక దాన్ని తప్పు పట్టి లాభం లేదు.

రెండువేల అయిదు నుంచి కొత్త బండ వస్తే చాలు, దాని చెక్క నంద్యాల పోయేది. నాలుగో రోజుకు కాగితం వచ్చేది. శాంతయ్య షెడ్డు ముందు 'కంప్యూటర్ పరీక్ష చేసిన శిలలు' అని బోర్డు కట్టాడు. కొనేవాళ్లు ఆ కాగితం చూసి మురిసిపోయి, దేవుడితో పాటు దాన్నీ ఫ్రేము కట్టించి తీసుకుపోయేవాళ్లు. పొద్దున్నే షెడ్డు వెనక పని ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరూ చెప్పలేదు, పిలవడం మానేశారంతే. పెంచిన పది రూపాయలు తియ్యలేదు, అదే గొప్ప. ఏరు దాటాక తెప్ప తగలేసే లోకంలో శాంతయ్య తెప్పను ఒడ్డున వదిలేశాడు, తగలెయ్యలేదు. మస్తాన్‌బీ దాన్ని కూడా దయ కిందే జమ వేసుకుంది.

ఆ ఏడే జూపాడు బంగ్లా అవతల ఒక ఊరి నుంచి ఆంజనేయస్వామికి బేరం వచ్చింది. గుడి కమిటీ పెద్ద సుందరరాజు. వాళ్లు కొత్తవాళ్లు కాదు, తొంభై ఎనిమిదిలో ఇక్కడే వినాయకుణ్ని చేయించుకున్నారు. ఆంజనేయుడు నిలువెత్తు మనిషంత తయారై రుద్దుడుకు వచ్చాడు. మూడో రోజుకే మస్తాన్‌బీ చెయ్యి ఆగిపోయింది. పోసిన నీళ్లు పోసినట్టే జారిపోతున్నాయి. మరీ అంత నిక్కచ్చిగా జారడం ఆమెకు నచ్చలేదు. నందిని రుద్దినప్పుడు చేతికి తగిలిన నునుపు ఇదే.

"అప్పా, దీని చెక్క ఒకటి ఇయ్యి. చూస్తా."

"చెక్కలు యాడ మిగిలినాయి? కాగితం వచ్చింది, మంచి రాయని రాసినారు."

"చేతికి బాగలేదప్పా. దొంగదాహమేమోనని నా భయం."

"రెండేండ్లు నీ చేత్తో మోసినావు గదా ఆ చెక్కలు! ఇంకా ఏందీ నీ గొడవ? పనిజూడు, బేగా గావాల."

ఆ మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయారు. విగ్రహం దగ్గర ఆమె ఒక్కతే. పాదం వెనక, ఎవరికీ కనపడని చోట ఒక్కసారి నాలుక ఆనించి కాసేపు ఓపిక పడితే తేలిపోయేది. ఆమె వంగింది కూడా. ఉలి పడిన రాయి జోలికి పోనని మాటిచ్చింది గుర్తొచ్చి లేచి, మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది. నిజాయితీ కొందరికి కూడు పెడుతుందంటారు. మస్తాన్‌బీకి పెట్టింది గోతిలోనే.

ఎనిమిది నెలల సింధూరం నూనె, ఒక్క ఎండాకాలం. ఆంజనేయుడి భుజం దగ్గర మరక తేలి, అక్కడి నుంచి రొమ్ము దాకా చీలింది. సుందరరాజు అయిదుగురిని జీపులో వేసుకుని వచ్చాడు.

శాంతయ్య లెక్క వేసుకున్నాడు. కంప్యూటరు తప్పు చెప్పిందంటే, ఆ కాగితంతో పోయిన ముప్పై విగ్రహాలవాళ్లూ రేపు వచ్చి కూర్చుంటారు. ఆయన మస్తాన్‌బీని పక్కకు పిలిచాడు. ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగి, చేతులు జోడించాడు.

"ఒక్కమాట ఒప్పుకో తల్లీ. ఎవరూ లేనప్పుడు నాలుక పెట్టినా అని చెప్పు. దోషం తగిలి చిట్లిందంటే రాయి మాట రాదు, కాగితం మాట రాదు. శాంతి చేయించి, ఇంకొకటి చెక్కిస్తా. నీ పని యాడికీ పోదు."

"చిట్లింది రాయి చెడ్డదై గదప్పా. నేను చెప్పినా గదా."

"చెప్పినావులే. ఇప్పుడు దాంతో ఏం లాభం? పద్నాలుగు మంది కూడు తింటాండారు ఈడ."

ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని శాంతయ్య ఒప్పుకోలు అనుకున్నాడు. అందరి ముందుకూ తీసుకొచ్చి, తనే మొదలుపెట్టి, ఈమెకు రాయిని నాలుకతో చూసే పాడు అలవాటుందని, స్వామికి అపచారం జరిగిందని చెప్పేశాడు. షెడ్డులో ఉలులన్నీ ఆగిపోయాయి. పద్నాలుగేళ్లు పక్కన కూర్చుని రుద్దిన ఆడవాళ్లు నోటి మీద కొంగు అడ్డం పెట్టుకున్నారు.

సుందరరాజు ముందుకు వచ్చాడు. "స్వామిని నువ్వు నాకినావా లేదా? నిజం చెప్పు."

ఔను అంటే అయిపోయేది. నాలుగు తిట్లు, ఒక శాంతి హోమం. మస్తాన్‌బీకి తిట్లు కొత్త కాదు. కానీ ఔను అంటే, ఆ రాయిని తను చూసినట్టు. చూసి, తెలుసుకోలేకపోయినట్టు. ఆమె ఎంత కిందికైనా దిగేది గానీ అక్కడికి దిగలేకపోయింది.

"లేదప్పా," అంది. "నేను నాకింటే ఆ రాయి మీ ఊరికి వచ్చేదే గాదు."

"అంటే?"

"తొంభై ఎనిమిదిలో మీరు వినాయకుణ్ని తీస్కపోలే? ఆ రాయి నేను చూసిందే. ఇన్నేండ్ల నూనె పోస్తాండారు గదా, ఎంట్రుకంత చీలిక వచ్చిందా? నా నాలుక తగిలిన రాయి ఒక్కటి చిట్లిందేమో అడగండప్పా శాంతయ్యను!"

జీవితంలో మొదటిసారి నలుగురి ముందు తన విద్య గురించి గొంతెత్తి చెప్పుకుంది. ముఖం వెలిగిపోయింది. శాంతయ్య నెత్తి పట్టుకుని రాతిపొడిలోనే కూలబడ్డాడని ఆమె వెంటనే చూడలేదు. సుందరరాజు చెప్పులు వేసుకుని జీపెక్కాడు.

నాలుగో రోజు ట్రాక్టరు వచ్చింది. అందులో చీలిన ఆంజనేయుడున్నాడు. ఆయన పక్కన గోనెపట్ట కప్పి, తాడుతో కట్టి, వినాయకుడు కూడా ఉన్నాడు. ఎనిమిదేళ్ల నూనెతో నల్లగా మెరుస్తూ, ఎక్కడా గీత కూడా లేకుండా, నిన్నమొన్న రుద్ది పంపినట్టున్నాడు. ఇద్దరినీ షెడ్డు వెనక గుంత దగ్గర దొర్లించి, కొత్తవాటి సంగతి పెద్దమనుషుల్లో తేల్చుకుందామని చెప్పి పోయారు. ఆ నెలలోనే, ఈ మాట చెవిన పడి, పగిడ్యాల వైపు నుంచి ఒక అమ్మవారు, ఇంకో ఊరి నుంచి జంట నాగులు తిరిగొచ్చాయి. అన్నీ మస్తాన్‌బీ చూసిన రాళ్లే. ఆంజనేయుడు తప్ప కంప్యూటరు కాగితంతో పోయిన విగ్రహం మాత్రం ఒక్కటీ రాలేదు. వాటికేం, కాగితం ఉంది, ఎంగిలి లేదు. లోపల ఏది ఎంత తాగుతోందో వాటికే తెలియాలి.

శాంతయ్య ఆమెను పొమ్మనలేదు. పక్కన కూర్చోవడానికి ఆడవాళ్లు ఒప్పుకోలేదు, అంతే. మస్తాన్‌బీ బస్టాండు దగ్గర బుట్టలో రేగుపండ్లు, జామకాయలు పెట్టుకుని అమ్మడం మొదలుపెట్టింది.

రమాదేవి ఆమెను వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. కథంతా శాంతయ్య చెప్పినట్టున్నాడు, ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. బుట్ట పక్కన ప్లాట్‌ఫారం మీదే కూలబడింది.

"ఎన్ని రకాలు మస్తాన్‌బీ?"

"ఆరు."

"ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

మస్తాన్‌బీ జామకాయలు సర్దింది. "నన్ను పిలుస్తారనుకున్నా మేడమ్," అంది. 

రమాదేవి గుంతలోని చెక్కలన్నీ తీసుకుపోతున్నానని చెప్పింది. అవి లేకనే తన లెక్క తప్పిందని, మొత్తం మళ్లీ మొదటి నుంచి చేస్తానని, ఒక్కో చెక్కా ఏ రకమో మస్తాన్‌బీయే చెప్పాలని అడిగింది. "ఈసారి నీ పేరు రాస్తాను. పుస్తకంలో మొదటి పేజీలో వేయిస్తాను. రాళ్లు చూసింది నువ్వేనని, ఏ ఊళ్లకు పోయిన రాళ్లు చూశావో కూడా అందరికీ తెలియాలి."

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కడుపు మాడ్చుకున్న మనిషి ఉలిక్కిపడి రమాదేవి రెండు చేతులూ పట్టుకుంది.

"చెక్కలు చెప్తా మేడమ్, అన్నీ చెప్తా. పేరు మాత్రం యాడా రాయొద్దు, మీకు దండం పెడతా. నా రాళ్లు ఇంకా ఇరవై మూడు ఊర్లలో నిలబడుకోనుండాయి. వాటినన్నా ఉండనీయండి."